ఆకాశమునకు కావలి

జొన్నచేను కంకి పట్టిన నాటినుండి కోతకు వచ్చువరకు రైతు దాని నడుమ మంచె వేసి, దానిపై ఒక పిల్లవానిని కూర్చుండబెట్టును. ఆ పిల్లవాని చేతిలో వడిసెల యుండును. చూచువారికి ఆ వడిసెలయే ముఖ్యమని తోచును. కాని అనుభవముగల రైతు అట్లు తలపడు. రాయి విసరుట ఎవరికైనను వచ్చును; పిట్టలగుంపు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో ముందుగా కనిపెట్టుటయే కష్టము. కునుకుపాటు పడిన కావలివాని చేత వడిసెల యున్నను లేకున్నను ఒకటే. కావలియనగా మొదట చూచుట. విసరుట ఆ పిమ్మటి మాట. ఈ చిన్న సత్యము మన చేనికే గాక, మనమందరము నివసించు ఈ భూమికి కూడ వర్తించునని చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, మేడ్చలు పోవు త్రోవలో జీడిమెట్ల యున్నది. ఒకప్పుడు పొలములు, చెరువు గల పల్లె. నేడు వందలకొలది కర్మాగారములు గల పారిశ్రామికవాడ. 2025 ఫిబ్రవరి మాసమున నేనచ్చట కొందరు విద్యార్థులతో ముచ్చటించుచుండగా ఒక బాలుడు లేచి యిట్లడిగెను: "సార్, 2032లో ఆకాశం నుంచి ఒక పెద్ద రాయి వచ్చి మన మీద పడుతదట గద. మరి మేము చదువుకొని ఏం లాభం?" అతని ప్రక్కనున్న బాలిక వెంటనే నవ్వి, "అదంతా ఉత్తదే సార్, పేపరోళ్లు అట్లనే రాస్తరు" అనెను.

ఈ రెండు మాటలును నన్ను చాలకాలము వెంటాడినవి. ఒకరిది భయము, మరియొకరిది కొట్టివేత. పైకి వేరువేరుగ కనబడినను రెండింటికిని తల్లి యొక్కతెయే. ఆమె పేరు తెలియమి. ఆ వార్తలోని అంకె యెట్లు పుట్టినదో వారిరువురికిని తెలియదు. తెలిసినచో బాలుడు దిగులుపడి యుండడు, బాలిక నవ్వియుండదు. ఇరువురును ఆకాశమువైపు చూచియుందురు.

సూర్యుని చుట్టును భూమివంటి గ్రహములే గాక లెక్కకు మించిన చిన్నవస్తువులును తిరుగుచున్నవి. వానిలో రాతితోను, లోహముతోను కూడినవి గ్రహశకలములు. ఇవి యెక్కువగా కుజ గురు గ్రహముల మార్గముల నడుమ నున్నవి. మంచు, ధూళి కలిసి గడ్డకట్టినవి తోకచుక్కలు. ఇవి సూర్యుని సమీపించినపుడు వేడికి మంచు ఆవిరియై, ధూళితో గూడి, సూర్యునకు ఎదురుదిశలో తోకవలె సాగును. వీనిలో కొన్నిటి మార్గములు భూమి మార్గమునకు దగ్గరగా వచ్చును. 1898లో కనుగొనబడిన ఈరోస్ అట్టి గ్రహశకలములలో మొదటిది. 2025 నవంబరు నాటికి మనకు తెలిసిన భూసమీప గ్రహశకలముల సంఖ్య 40,000 దాటినది. చూచినకొలది అవి యెక్కువగా కనబడుచున్నవే గాని, అవి నిజముగా పెరుగుట లేదు. పెరిగినది మన చూపు.

మన పెద్దలకు తోకచుక్క యనగానే గుండె జల్లుమనెడిది. ధూమకేతువు పొడసూపినచో రాజులకు కీడు, ప్రజలకు కరవు అని నమ్మెడివారు. ఈ భయము మనకు మాత్రమే యుండెనని తలపరాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువున్నదనియు, భూమి ఆ తోకగుండ పోవుననియు వార్త వ్యాపించెను. చదువరులని పేరుపొందిన పాశ్చాత్య దేశములలోనే జనులు కిటికీల సందులు మూసికొనిరి. తోకచుక్క కీడునుండి కాపాడునని చెప్పి మాత్రలమ్మిన మోసగాండ్రును బయలుదేరిరి. 1910 మే నెలలో ఆ రోజు వచ్చెను, పోయెను; ఎవరికిని ఏ హానియు జరుగలేదు. ఆ సంవత్సరముననే మన గురజాడ అప్పారావుగారు "ముత్యాల సరములు" అను కావ్యమున ఆ తోకచుక్కనే ప్రస్తావించి, దానిని కీడునకు గుర్తుగా గాక సంఘమున రానున్న మంచిమార్పునకు గుర్తుగా భావించిరి. లోకము తలుపులు మూసికొన్నవేళ ఒక తెలుగుకవి వాకిట నిలిచి దానిని చూచి సంతోషించెనన్న మాట!

ఆ భయమును మొదట తగ్గించినవాడు కవియును గాడు, రాజును గాడు, లెక్కలు వేసినవాడు. ఎడ్మండ్ హేలీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1531, 1607, 1682 సంవత్సరములలో వచ్చిన తోకచుక్కలు మూడును ఒక్కటేయని గ్రహించి, అది 1758లో మరల వచ్చునని 1705లోనే ప్రకటించెను. ఆయన 1742లో మరణించెను. 1758 డిసెంబరులో ఆ తోకచుక్క చెప్పిన మాట తప్పక వచ్చెను. మన పంచాంగకర్త గ్రహణము పట్టు ఘడియను, విడుచు ఘడియను ముందుగా చెప్పుటచేత కదా గ్రహణమునుచూచి నేడు మనము గుండెలు బాదుకొనము. వచ్చు వేళ తెలిసిన అతిథిని చూచి ఎవ్వరును ఉలికిపడరు. భయమునకు మందు ధైర్యము అందురు. నేను మాత్రము, భయమునకు మందు లెక్క యందును. ధైర్యము ఆ లెక్కకు పుట్టిన బిడ్డ.

అట్లని అపాయమే లేదనుట సత్యము గాదు. 1908 జూన్ 30వ తేదీన సైబీరియాలోని తుంగుస్కా నదీప్రాంతమున ఆకాశమునుండి వచ్చిన వస్తువొకటి గాలిలోనే ప్రేలెను. దాదాపు 2,000 చదరపు కిలోమీటర్ల అడవి నేలకొరిగెను. అది జనులు మిక్కిలి పలుచగా నివసించు ప్రదేశ మగుటచేత ప్రాణనష్టము అల్పము. 2013 ఫిబ్రవరి 15వ తేదీన రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరముపై దాదాపు 20 మీటర్ల రాయి గాలిలో ప్రేలెను. అది మన జీడిమెట్లవలెనే కర్మాగారములు గల ఊరు. సూర్యునివైపునుండి వచ్చుటచేత దానిని ముందుగా ఎవ్వరును చూడలేకపోయిరి. మొదట కన్నులు మిరుమిట్లు గొలుపు వెలుగు కనబడెను. ఆ వింతను చూచుటకు జనులు కిటికీల కడకు పరుగెత్తిరి. వెలుగు వెనుక రెండు మూడు నిమిషములకు గాలిదెబ్బ వచ్చి అద్దములను పగులగొట్టెను. దాదాపు 1,500 మంది గాయపడిరి. వారిలో అధికులు గాజుముక్కలచే గాయపడినవారే.

ఆ యూరి పాఠశాలలో ఒక ఉపాధ్యాయిని యుండెను. వెలుగు చూడగానే ఆమె తన తరగతిలోని 44 మంది పిల్లలను బల్లలక్రింద దాగుడని ఆజ్ఞాపించెను. ఏమి జరిగినదో ఆమెకును తెలియదు. కాని పెద్దవెలుగు వెనుక పెద్దదెబ్బ రావచ్చునని యూహించినది. అద్దములు పగిలి ఆమె చేతికి లోతైన గాయమయ్యెను. పిల్లలలో ఒక్కరికిని గాజుముక్క తగులలేదు. విద్యార్థులారా, ఈ కథను మీరు మరువవలదు. ఆకాశమున ఎప్పుడైన అట్టి వెలుగు కనబడినచో కిటికీకి దూరముగ పొండు. రెండు నిమిషముల జ్ఞానము నలువదినలుగురిని కాపాడినది. రెండు దశాబ్దముల జ్ఞానము ఒక నగరమునే కాపాడగలదు.

ఆ జ్ఞానము ఎట్లు లభించును? జీడిమెట్లలో ఫాక్స్‌సాగర్ అను నిజాము కాలపు చెరువు కలదు. రాత్రివేళ దాని కట్టపై నిలిచి దూరమున ఒక లారీ దీపమును చూచుచున్నారనుకొనుడు. చూచిన క్షణమున అది మీవైపు వచ్చుచున్నదో, ప్రక్కకు పోవుచున్నదో చెప్పలేరు. కొంతసేపు కన్నార్పక చూచినచో దాని త్రోవ తెలియును. ఖగోళ శాస్త్రజ్ఞులు చేయునదియు నిదియే. దూరదర్శినితో ఆకాశములోని ఒకే భాగమును కొన్ని నిమిషముల యెడముతో పలుమార్లు చిత్రములు తీయుదురు. నక్షత్రములు కదలక యుండును, గ్రహశకలము కదలును. కదలిన చుక్క స్థానమును కొలిచి, మరుసటి రాత్రులయందు మరల మరల కొలిచి, దాని మార్గమును లెక్కింతురు. కొలతలు పెరిగినకొలది మార్గము స్పష్టమగును.

ఇప్పుడు బాలుడడిగిన రాయి సంగతి చూతము. దాని పేరు 2024 వైఆర్4. వెడల్పు దాదాపు 60 మీటర్లు. 2024 డిసెంబరు 27వ తేదీన చిలీ దేశమునందలి దూరదర్శిని దానిని కనిపెట్టెను. అది 2032 డిసెంబరు 22న భూమిని తాకుటకు నూటికి ఒక పాలు అవకాశమున్నదని మొదట చెప్పిరి. తాకినచో తాకగల ప్రదేశముల వరుసలో దక్షిణాసియాయు నుండెను. 2025 ఫిబ్రవరి 18 నాటికి ఆ యవకాశము నూటికి మూడు పాళ్లు దాటెను. పత్రికలు గగ్గోలు పెట్టినవి. వారము తిరుగకముందే అది దాదాపు శూన్యమయ్యెను. పెరిగిన అంకె ఒక్కసారి ఎందుకు పడిపోయెను? శాస్త్రజ్ఞులు తప్పు చెప్పిరా?

లేదు. ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక ఊరిలో రైతు ఎద్దు తప్పిపోయినది. ఊరిలో నూరు వీధులున్నవి. ఎద్దు ఏదో ఒక వీధిలో నున్నది. అది మన వీధిలో నుండుటకు నూటికి ఒక పాలు అవకాశము. వెదకువారు అరువది వీధులు చూచి అచ్చట లేదనిరి. ఇప్పుడు మన వీధి నలువదింటిలో నొకటి. మరి ముప్పదియైదు వీధులు చూచి లేదనిరి. ఇప్పుడు మన వీధి ఐదింటిలో నొకటి. అవకాశము ఇరువది రెట్లయ్యెను. కాని ఎద్దు మన వీధికి ఒక్కయడుగైన దగ్గరకు రాలేదు. చివరకు ఎద్దు ప్రక్కవీధిలో దొరకెను. మన యంకె సున్న యయ్యెను. పెరిగినది అపాయము గాదు, తరిగినది తెలియమి. అంకె పెరుగుటయు, పడిపోవుటయు రెండును వెదకుట సరిగా జరుగుచున్నదనుటకు గుర్తులు. 2004లో కనుగొనబడిన అపోఫిస్ అను గ్రహశకలము విషయమునను ఇట్లే జరిగినది. అది 2029లో తాకుటకు ముప్పదియేడింటిలో నొక యవకాశమున్నదని ఆ సంవత్సరపు డిసెంబరులో చెప్పిరి. కొలతలు కొనసాగించిన పిదప అది తాకదని నిశ్చయమయ్యెను. రాబోవు నూరేండ్లలో దానివలన భయము లేదని 2021లో తేల్చిచెప్పిరి.

ఆనాడు ఈ దృష్టాంతము విన్న పిమ్మట ఆ బాలుడు కొంతసేపు ఆలోచించెను. అతని తండ్రి ఒక కర్మాగారములో బాయిలరు కడ పనిచేయును. బాయిలరు ప్రక్కనున్న ప్రెషరు గేజి ముల్లు పైకెక్కినచో నాయన భయపడునా యని నేనడిగితిని. "భయపడడు సార్, చూస్తడు, ఆవిరి వదులుతడు. గేజి లేకుంటెనే భయం" అని అతడు బదులు చెప్పెను. నేను చెప్పదలచినదంతయు ఆ మాటలో నున్నది. గేజి ఒత్తిడిని పుట్టించదు. ఉన్న ఒత్తిడిని చూపును. గ్రహశకలముల వార్తయు నట్టిదే.

ఈ చూపు మనకు పరాయిది గాదు. జీడిమెట్లకు దక్షిణమున దాదాపు పది కిలోమీటర్ల దూరముననున్న బేగంపేటలో నిజామియా వేధశాల యుండెను. నవాబు జఫర్ జంగు అను ప్రభువు ఖగోళశాస్త్రముపై మక్కువతో ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పెను. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది బేగంపేటకు మారెను. ఆకాశమంతటిని ఛాయాచిత్రములలో బంధించి నక్షత్రముల స్థానములను కొలువవలెనని ప్రపంచములోని యిరువది వేధశాలలు అప్పట్లో పూనుకొనియుండెను. చిలీలోని శాంటియాగో వేధశాలకు ఒప్పగించిన భాగము పూర్తికాకపోగా, ఆ పని హైదరాబాదునకు వచ్చెను. మనవారు ఏండ్లతరబడి రాత్రులు మేలుకొని, లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచి, సంపుటములుగా ప్రకటించిరి. కదలని చుక్కల స్థానము తెలియనిదే కదలు చుక్కను పట్టలేము. అనగా హైదరాబాదు చేసినది మంచెకు గుంజలు పాతిన పని.

ఆ వేధశాలలో సహాయకుడుగా పనిచేసిన ఒక ఉద్యోగికి కుమారుడొకడుండెను. దూరదర్శినుల నడుమ పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. 1949 జూలైలో తాను తీసిన ఒక ఛాయాచిత్రమున అతడొక క్రొత్త తోకచుక్కను గుర్తించెను. అప్పటికతనికి ఇరువదిరెండేండ్లు నిండలేదు. అతడే వేణు బప్పు. ఆ తోకచుక్కకు అతని పేరును, దానిని నిర్ధారించుటలో తోడ్పడిన బాక్, న్యూకర్క్ అనువారి పేర్లును కలిపి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరిడిరి. ఆయన స్వదేశమునకు తిరిగివచ్చి తమిళనాడులోని కావలూరులో గొప్ప వేధశాలను నిర్మించెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమితికి అధ్యక్షుడయ్యెను. 1982లో ఆయన మరణించినను కావలూరు మంచె ఖాళీగా నుండలేదు. 1988 ఫిబ్రవరిలో రాజమోహన్‌గారును, వారి సహచరులును "కల్కి" అను అన్వేషణలో భాగముగ అచ్చటినుండియే ఒక గ్రహశకలమును కనిపెట్టిరి. దానికి గణితవేత్త రామానుజన్ పేరు పెట్టిరి. నేడు లడఖ్‌లోని హాన్లేలో 70 సెంటిమీటర్ల దూరదర్శినితో మన శాస్త్రజ్ఞులు భూమిప్రక్కగ పోవు శకలములను గమనించుచున్నారు.

కాని మనకొక నష్టమును జరిగినది. నగరము పెరిగి, దీపములకాంతియు, ధూళియు ఆకాశమును కప్పినందున బేగంపేటనుండి నక్షత్రములను చూచుట కష్టమయ్యెను. అందుచేత ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు నగరమునకు దూరముగ జపాల్, రంగాపూర్ గ్రామముల కడ 48 అంగుళముల దూరదర్శినిని 1968లో నెలకొల్పిరి. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచ్చటనుండి పరిశీలించిరి. బేగంపేటలోని పాత వేధశాల గోపురము శిథిలమైపోయినది. జీడిమెట్ల బాలబాలికలు నేడు తమ మేడపై నిలిచి చూచినచో వేళ్లతో లెక్కింపదగినన్ని చుక్కలే కనబడును. చూడలేని దానిని ప్రేమింపలేము. ప్రేమింపని దానిని చదువలేము. తోకచుక్క పేరుచెప్పి పుట్టు వదంతులను మన పిల్లలు నమ్ముటలో వింత యేమున్నది? వారికి ఆకాశముతో పరిచయమే లేదు.

కొందరు ఇట్లనవచ్చును: "త్రాగునీరు లేని ఊళ్లు, కప్పులేని బడులు ఉండగా, ఎప్పుడో రాబోవు రాయికొరకు ధనము వెచ్చించుట తగునా?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. దీనికి మన నగర చరిత్రయే సమాధానము చెప్పును. తుంగుస్కాలో అడవి కూలిన 1908వ సంవత్సరముననే, సెప్టెంబరు 28న, మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. ఆ పిమ్మట గదా ప్రభుత్వము ఇంజనీర్లను రప్పించి, వరదను అరికట్టుటకు ఉస్మాన్‌సాగరును, హిమాయత్‌సాగరును కట్టించెను! 1907లో ఎవరైన ఆ చెరువుల మాట యెత్తియున్నచో, "ఎప్పుడో రాబోవు వరదకు ఇప్పుడు ధనమేల?" యని మనమే యడిగియుందుము. తరువాత ఆ చెరువులు వరదనాపుటే గాక నగరమునకు త్రాగునీరు కూడ ఇచ్చినవి. ముందుచూపునకు పెట్టిన వ్యయము ఒక్క ప్రయోజనముతో ఆగదు.

మరియు నొక విశేషము కలదు. భూకంపము ఏ దినమున వచ్చునో నేటివరకు ఎవ్వరును చెప్పలేరు. తుపానును కొన్ని దినములముందు చెప్పగలరు గాని ఆపలేరు. గ్రహశకలము అట్టిది గాదు. దానిని దశాబ్దములముందు లెక్కింపవచ్చును. కావలసినచో దారి తప్పింపవచ్చును. 2022 సెప్టెంబరు 26న అమెరికావారు "డార్ట్" అను వ్యోమనౌకను డైమార్ఫస్ అను చిన్న శకలమునకు కావలెననియే ఢీకొట్టించిరి. అది తన పెద్దశకలము చుట్టును తిరుగు కాలము దాదాపు 12 గంటలుండగా, ఆ దెబ్బకు అరగంటకు పైగా తగ్గెను. మానవునకు వడిసెల విసరుట వచ్చినదని దీనిచే తేలినది. కాని వడిసెల యెంత గొప్పదైనను, పిట్టను ముందుగా చూడనివానికి అది పనికిరాదు. ఒక కిలోమీటరుకు మించిన భూసమీప శకలములలో అధికభాగము ఇప్పటికే తెలిసినవి. 140 మీటర్లకు మించిన వానిలో సగమైనను ఇంకను కనబడలేదని శాస్త్రజ్ఞుల యంచనా. 2025 జూన్‌లో చిలీలోని వీరా రూబిన్ వేధశాల తన తొలిచిత్రములను ప్రకటించినప్పుడు, కేవలము పది గంటల పరిశీలనలో రెండువేలకు మించిన క్రొత్త గ్రహశకలములు కనబడెను. చూచువాడు చూచినచో అవి దాగవు.

కావున మన కర్తవ్యమేమి? అందరును పెద్ద దూరదర్శినులు కట్టనక్కరలేదు. మొదటిది, వీధిదీపములకును, కర్మాగారముల దీపములకును పైన కప్పు వేసి, వెలుగు నేలమీదనే పడునట్లు చేయవలెను. ఆకాశమునకు పోయిన వెలుగు ఎవ్వరికిని దారి చూపదు; అది వృథావ్యయము. రెండవది, బేగంపేటలోని పాత వేధశాలను బాగుచేసి పిల్లలకు చూపవలెను. తమ యూరి పెద్దలు నక్షత్రములను కొలిచిరని తెలిసిన బాలుడు తానును కొలువవలెనని తలచును. మూడవది, ప్రతి పాఠశాలయందును ఒక ఆకాశపు పుస్తకముంచి, చంద్రుని స్థానమును, గ్రహముల నడకను వారమునకొకమారైనను విద్యార్థులచే వ్రాయింపవలెను. నాలుగవది, అమెరికాలోని టెక్సాసునందలి అంతర్జాతీయ ఖగోళ అన్వేషణ సహకార సంస్థ, హవాయి ద్వీపములలోని పాన్‌స్టార్స్ దూరదర్శిని తీసిన చిత్రములను పలుదేశముల విద్యార్థులకు ఉచితముగ పంపుచున్నది. విద్యార్థులు వానిని కంప్యూటరుపై ఒకదాని వెంట నొకటి చూచి, కదలు చుక్కను గుర్తింతురు. మన దేశపు విద్యార్థులును ఇందు పాల్గొనుచున్నారు. నగరపు వెలుగు ఆకాశమును కప్పినను, ఈ కిటికీ మాత్రము తెరచియే యున్నది. జీడిమెట్ల పాఠశాలలో ఒక్క కంప్యూటరున్నను చాలును.

2029 ఏప్రిల్ 13న అపోఫిస్ భూతలమునకు దాదాపు 32,000 కిలోమీటర్ల దూరమున ప్రక్కగ పోవును. మన దూరదర్శన కార్యక్రమములను మోయు ఉపగ్రహములకంటె అది దగ్గర. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతములలో దూరదర్శిని లేకయే కంటికి కనబడగలదు. ఆ దినమున వదంతులు మరల పుట్టును. మాత్రలమ్మువారు ఏదో క్రొత్త రూపమున మరల వత్తురు. అప్పటికి మీరు పాఠశాల దాటియుందురు. మీ యింటిలో అవ్వయో, తమ్ముడో భయపడి మిమ్ము అడిగినచో, ఎద్దు తప్పిపోయిన కథ చెప్పుడు. 2061లో హేలీ తోకచుక్క మరల వచ్చును. అప్పటికి మీరు ఏబది యేండ్లకు సమీపించియుందురు. దానిని చూచి తలుపులు మూయుదురో, పిల్లల చేయి పట్టుకొని వాకిటికి వత్తురో, అది నేడు మీరు చదువు చదువునుబట్టి యుండును.

ఆ జీడిమెట్ల బాలునకు నేనిచ్చిన ఉత్తరము కూడ ఇదియే. "చదువుకొని ఏం లాభం?" అని అతడడిగెను. 2024 వైఆర్4 మనపై పడదని తేల్చినది చదువే. అది తేలక మునుపు, ఎవరి చదువు దానిని తేల్చునో ఎవ్వరికిని తెలియదు. రేపటి రాయిని మొదట చూచు కన్ను ఏ పల్లెలోనిదో, ఏ వాడలోనిదో చెప్పలేము. చేను అందరిది; కనుక మంచెపై కూర్చుండు వంతును అందరిది. మన వంతు వచ్చినప్పుడు మనము కునుకుపాటు పడకుందుము గాక!